క్రూజ్ ఓడలో ఫార్మల్ నైట్: టక్సీడో తప్పనిసరా, ముదురు రంగు సూట్ సరిపోతుందా?

అలలదారి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. వచ్చే సెప్టెంబరులో సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్‌కు క్వీన్ మేరీ 2 ఓడలో ఏడు రాత్రుల ప్రయాణానికి టికెట్లు తీసుకున్నాము. నేను, నా భార్య, డెబ్బయ్యేళ్లు దాటిన మా నాన్నగారు, పదిహేనేళ్ల మా అబ్బాయి వెళ్తున్నాము. మాలో ఎవరికీ ఇంతకుముందు ఓడ ప్రయాణం అనుభవం లేదు. టికెట్లతో పాటు వచ్చిన సూచనల్లో, సాయంత్రం ఆరు దాటాక ఎలాంటి దుస్తుల్లో ఉండాలో వివరంగా రాశారు. ప్రయాణంలో రెండు గాలా రాత్రులు, అంటే ఫార్మల్ నైట్‌లు, ఉంటాయని, ఆ సాయంత్రాల్లో మగవారు టక్సీడో (కాలరు మడతల మీద పట్టు మెరుపున్న వేడుక సూట్), డిన్నర్ జాకెట్ లేదా ముదురు రంగు సూట్ వేసుకుని బో టై గానీ మామూలు టై గానీ కట్టుకోవాలని, ఆడవారు ఈవెనింగ్ గౌను, కాక్‌టెయిల్ డ్రెస్ వంటివి వేసుకోవాలని అందులో ఉంది.

నా సందేహాలు ఇవి. సూట్ కూడా చాలునని కాగితం మీద ఉన్నా, నిజంగా అక్కడికి వెళ్లాక టక్సీడోల మధ్య సూట్‌తో కూర్చున్నవాడు వెలితిగా కనిపిస్తాడా? మా నాన్నగారికి మెడకు టై బిగిస్తే ఊపిరాడనట్టుంటుంది. టై కట్టుకోకపోతే ఆయన ఆ రెండు రాత్రులూ కేబిన్‌లోనే భోజనం చేయాలా? మా ఆవిడకు నేలదాకా ఉండే గౌను కొనాలా, మోకాలి దాకా ఉన్నది చాలా? ఓడ దిగాక విమానంలో తిరిగి వస్తాము కాబట్టి సామాను బరువు కూడా చూసుకోవాలి. చివరగా, కాస్త కుతూహలం కొద్దీ అడుగుతున్నాను: సెలవు మీద వెళ్లేవారికి ఏం తొడుక్కోవాలో చెప్పే ఈ పద్ధతి ఇంకా ఎందుకు ఉంది? మిగతా కంపెనీల ఓడల్లోనూ ఇలాగే ఉంటుందా?

నడిసంద్రం

అలలదారి గారూ, మొదటి ప్రశ్నకు సూటిగా చెబుతున్నాను: టక్సీడో తప్పనిసరి కాదు, ముదురు రంగు సూట్ వేసుకుంటే మిమ్మల్ని ఎవరూ వేరుగా చూడరు. క్వీన్ మేరీ 2ను నడిపే కునార్డ్ కంపెనీ ఓడల్లో మిగతా చాలా ఓడల కన్నా టక్సీడోలు ఎక్కువగా కనిపించే మాట నిజమే. ప్రత్యేకంగా అందుకోసమే ఆ ఓడను ఎంచుకునేవారు ఉన్నారు. అయినా ముదురు నీలం లేదా ముదురు బూడిద రంగు సూట్, తెల్ల చొక్కా, పట్టు టై, మెరిసేలా పాలిష్ చేసిన నల్ల బూట్లు ఉంటే భోజనశాలలోనూ, ఆ తర్వాత నాట్యం జరిగే క్వీన్స్ రూమ్‌లోనూ నిశ్చింతగా తిరగవచ్చు. ఒళ్లుకు సరిగ్గా కుదిరిన సూట్, భుజాల దగ్గర జారిపోతున్న అద్దె టక్సీడో కన్నా ఎప్పుడూ మేలు.

కొత్తవారికి ఇంత కంగారు ఎందుకంటే, ఓడ మొత్తానికి ఒకటే డ్రెస్ కోడ్ ఉంటుందని అనుకుంటారు. నిజానికి ఆ నియమం ఓడను బట్టి కాదు, గదిని బట్టి, గంటను బట్టి నడుస్తుంది. పగలంతా మీ ఇష్టం. సాయంత్రం ఆరు తర్వాత కూడా క్వీన్ మేరీ 2లో కింగ్స్ కోర్ట్ అనే బఫే, గోల్డెన్ లయన్ పబ్, కారింథియా లౌంజ్, కేసినో వంటి చోట్లకు గాలా రాత్రి అయినా మామూలు దుస్తుల్లో వెళ్లవచ్చు. ప్రధాన భోజనశాల, ఎక్కువ భాగం బార్లు, క్వీన్స్ రూమ్, థియేటర్ మాత్రం ఆ సాయంత్రపు నియమం కిందికి వస్తాయి. కాబట్టి "ఈ ఓడలో ఏం వేసుకోవాలి" అని కాక, "ఈ రాత్రి ఎనిమిదింటికి నేను ఏ గదిలో ఉండాలనుకుంటున్నాను" అని ఆలోచించుకుంటే చిక్కు చాలావరకు విడిపోతుంది.

మీ నాన్నగారి విషయం కూడా ఇదే లెక్కలో తేలుతుంది. గాలా కాని మిగతా సాయంత్రాల్లో అడిగేది కాలరున్న చొక్కా, మంచి ప్యాంటు, పైన ఒక బ్లేజర్. టై కట్టుకోవడం మీ ఇష్టం. అంటే ఏడు రాత్రుల్లో ఆయనకు ఇబ్బంది కలిగే రాత్రులు రెండే. ఆ రెండింటికీ దారులు ఉన్నాయి. గాలా రాత్రి దుస్తుల జాబితాలో తమ తమ దేశాల సంప్రదాయ వేడుక దుస్తులను, స్కాట్లండ్ వారి కిల్ట్‌ను, సైనిక యూనిఫాంను కూడా కునార్డ్ స్పష్టంగా చేర్చింది. మెడ దగ్గర బిగుసుకోని వేడుక దుస్తులు ఆయన దగ్గర ఇప్పటికే ఉంటే అంతకన్నా మర్యాదైన ఎంపిక లేదు. అది వద్దనుకుంటే, మెడ కొలత ఒక సైజు పెద్దదైన చొక్కా, ముందే ముడివేసి వెనక కొక్కెంతో తగిలించుకునే బో టై తీసుకోండి. టై వల్ల ఊపిరాడనట్టుందని చెప్పేవారిలో చాలామందికి అసలు ఇబ్బంది ఇరుకైన కాలరుతోనే. బో టై ఆ ఇరుకును పెంచదు, గొంతు మీద బరువుగా వేలాడదు కూడా.

గాలా రాత్రులు ఏ రోజుల్లో వస్తాయో ముందే తెలుసుకోవచ్చు. మొదటి రాత్రి, చివరి రాత్రి అవి ఉండవు. మొదటిరోజు మీ పెట్టెలు కేబిన్‌కు చేరేసరికి సాయంత్రం కావచ్చు. చివరి రాత్రి పెద్ద పెట్టెలు సర్ది తలుపు బయట పెట్టాలి. పెద్ద ప్రయాణపు పెట్టెలతో జనం సముద్రాలు దాటిన కాలం నుంచీ ఇదే కారణంతో ఈ ఆచారం సాగుతోంది. రేవుల్లో ఆగే క్రూజ్‌లలో సాధారణంగా ఓడ రోజంతా సముద్రం మీదే ఉన్న రోజున ఫార్మల్ నైట్ పెడతారు. ఊరంతా తిరిగి సాయంత్రానికి ఓడెక్కినవారిని వెంటనే టై కట్టుకోమంటే ఎవరికి ఓపిక ఉంటుంది? మీ ప్రయాణంలో నడుమ రేవులే లేవు కనుక ఆ బెడద లేదు. పైగా పడమటికి వెళ్తున్నారు, అయిదు రాత్రులు గడియారం ఒక్కో గంట వెనక్కి జరుగుతుంది, తీరిగ్గా ముస్తాబు కావచ్చు. తూర్పుకు వచ్చేవారు అదే గంటను పోగొట్టుకుని కొంత హడావిడి పడతారు.

నలుపు తెలుపు రంగుల రాత్రి, ఎరుపు బంగారు రంగుల రాత్రి, ముఖానికి మాస్కు పెట్టుకునే రాత్రి అంటూ గాలా సాయంత్రాలకు ఇతివృత్తాలు ఉంటాయి. వాటిని పాటించడం పూర్తిగా ఐచ్ఛికం. మాస్కు కొనడానికి మాత్రం పరుగెత్తకండి.

లంగరు

మిగతా కంపెనీల సంగతి అడిగారు కాబట్టి నాకు తెలిసినంత రాస్తాను. ఇప్పుడు క్రూజ్ కంపెనీలను ఒకే గాటన కట్టలేము.

ఒక కొసన కునార్డ్ ఉంది. అదే వరుసలో, కాస్త మెత్తగా, బ్రిటన్‌కు చెందిన పీ అండ్ ఓ క్రూజెస్ ఉంది. ఒకప్పటి బ్లాక్ టై రాత్రులను, అంటే టక్సీడో రాత్రులను, వారు ఇప్పుడు సెలబ్రేషన్ నైట్స్ అంటున్నారు. ప్రిన్సెస్ ఓడల్లో ఫార్మల్ నైట్ అన్న పేరు నిలిచి ఉంది. వారం రోజుల ప్రయాణంలో అవి సాధారణంగా రెండు. కార్నివాల్ వారు క్రూజ్ ఎలిగెంట్ అని పిలిచే రాత్రులు అయిదు రోజుల వరకు సాగే ప్రయాణాల్లో ఒకటి, అంతకు మించిన వాటిలో రెండు ఉంటాయి. అక్కడ కాలర్ చొక్కా, మంచి ప్యాంటు ఉంటే సరిపోతుంది, కోటు వేసుకుంటే సంతోషిస్తారు.

రెండో కొసన నార్వీజియన్ క్రూజ్ లైన్ ఉంది. వారు 2000లో ఫ్రీస్టైల్ క్రూజింగ్ అనే పద్ధతిని తెచ్చారు. అంతవరకు చాలా ఓడల్లో భోజనానికి రెండు పంక్తులు, ప్రతివారికీ నిర్ణీత సమయం, నిర్ణీత బల్ల ఉండేవి. ఆ కట్టుబాటును తీసేసి, నచ్చిన వేళకు నచ్చిన రెస్టారెంటుకు వెళ్లమన్నారు. తప్పనిసరి ఫార్మల్ నైట్ కూడా దానితోనే పోయింది. నా దృష్టిలో ఆ రెండు మార్పుల మధ్య సంబంధం చాలామంది గుర్తించనిది. అందరూ ఒకే వేళకు ఒకే గదిలో, వారమంతా అవే ముఖాల మధ్య కూర్చున్నప్పుడే వేడుక దుస్తులకు అర్థం ఉండేది. జనం పదిహేను రెస్టారెంట్లలో చెదిరిపోయాక, ఏ రాత్రి ఎవరి కోసం ముస్తాబు కావాలి?

2015లో సెలెబ్రిటీ క్రూజెస్ ఫార్మల్ నైట్స్ స్థానంలో ఈవెనింగ్ చిక్ అనే తేలికైన పద్ధతిని తెచ్చింది. హాలండ్ అమెరికా వారి గాలా రాత్రులు కూడా ఇప్పుడు డ్రెస్సీ అనే తేలిక పేరుతో నడుస్తున్నాయి. వైకింగ్ సముద్ర ఓడల్లోనూ, ఓషియానియాలోనూ ఫార్మల్ నైట్ అన్నదే లేదు. ఆ రెండూ చవక కంపెనీలు కావు. టికెట్ ధర పెరిగే కొద్దీ దుస్తుల నియమం కఠినమవుతుందన్న ఊహ తప్పని చెప్పడానికి అవే చాలు. వర్జిన్ వోయజెస్ వారు పెద్దలకు మాత్రమే నడిపే ఓడల్లో టై ఊసే లేదు గాని, స్కార్లెట్ నైట్ అని ఒక రాత్రి అందరూ ఎరుపు వేసుకుని వస్తారు. నియమాలను ఎత్తేసినా, ఒక రాత్రి అందరూ ఒకేలా తయారు కావాలన్న సరదా జనానికి పోలేదన్నమాట.

ఈ సడలింపులతో నాకు ఒక పేచీ ఉంది. "ముదురు సూట్, టై" అన్నప్పుడు ఎవరికైనా అర్థమయ్యేది. ఇప్పటి మెత్తని పేర్లతో జీన్స్ సరేనా కాదా, కోటు కావాలా వద్దా అని ప్రయాణానికి ముందు జనం తలలు పట్టుకుంటున్నారు. మీరు ఏ కంపెనీ టికెట్ కొన్నా పేరును చూసి ఊహించకుండా, ఏవి వేసుకుంటే లోపలికి రానివ్వరో చెప్పే భాగాన్ని ముందు చదవండి. అన్నిచోట్లా దాదాపు ఒకటే ఉంటుంది: రాత్రి భోజనశాలలో ఈత దుస్తులు, చేతుల్లేని బనియన్లు, క్రీడా టోపీలు, రబ్బరు చెప్పులు, చిరుగుల జీన్స్ పనికిరావు. షార్ట్స్ విషయంలో మాత్రం కంపెనీకీ కంపెనీకీ తేడా ఉంటుంది.

మూడోతరగతి

"ఈ పద్ధతి ఇంకా ఎందుకు ఉంది" అన్న ప్రశ్నను పైవారిద్దరూ పక్కన పెట్టారు కాబట్టి నేను తీసుకుంటున్నాను. సముద్రం మీద డ్రెస్ కోడ్ అందరి కోసం పుట్టలేదు, మొదటి తరగతి కోసం పుట్టింది. అట్లాంటిక్‌ను దాటే పాత ఓడల్లో రాత్రి భోజనానికి డిన్నర్ జాకెట్, పొడవాటి గౌను వేసుకోవలసింది పై అంతస్తుల్లోని వారే. కింద మూడో తరగతిలో వలస వెళ్తున్న కుటుంబాలు ఉన్న ఒక్క మంచి జతతో సముద్రం దాటేవి. 1935లో తొలి ప్రయాణం చేసిన ఫ్రెంచి ఓడ నార్మాండీని చూడండి. దాని మొదటి తరగతి భోజనశాల సుమారు 93 మీటర్ల పొడవు, ఏడువందల మంది ఒకేసారి కూర్చోవచ్చు. అంతకుముందు 1927లో వచ్చిన ఇల్ ద ఫ్రాన్స్‌లో లాగే ఆ ఓడలోనూ భోజనానికి మెట్లు దిగి రావాలి. ఆ మెట్ల ఉద్దేశం ఒకటే: దిగుతున్న స్త్రీల గౌన్లను కూర్చున్నవారంతా చూడాలి. దుస్తుల నియమాన్ని ఓడను గీసినవారు గోడల్లోకే ఎక్కించారు.

1958లో జెట్ విమానాలు అట్లాంటిక్ మీద ప్రయాణికులను చేరవేయడం మొదలుపెట్టాక, ఎక్కడికో చేరడానికి ఓడ ఎక్కే అవసరం తగ్గిపోయింది. బతికి ఉండాలంటే ఓడలు సెలవుల వినోదంగా మారక తప్పలేదు. అప్పుడు ఈ కంపెనీలు అమ్మకానికి పెట్టినది పాత మొదటి తరగతి జ్ఞాపకాన్ని. ఇవాళ మనం టికెట్‌తో పాటు ఆ నాటకంలో ఒక వేషాన్ని కూడా కొంటున్నాము. అది ఇష్టమైనవారు వేసుకోవచ్చు, నాకు అభ్యంతరం లేదు. కానీ ఆరు దాటాక మంచి కోటు లేనివారు ఓడలో సగం గదుల్లోకి రాకూడదనడం, వారు కూడా పూర్తి డబ్బు చెల్లించిన ప్రయాణికులే అయినప్పుడు, నాకు సమంజసంగా తోచదు. అంతేకాదు, ఆ రాత్రుల్లో మెట్ల దగ్గర, లాబీల్లో ఫొటోగ్రాఫర్లు తెరలు కట్టి, దీపాలు పెట్టి నిలబడతారు. ముస్తాబైన జనం ఫొటోలు కొంటారు. ఆచారం వెనక వ్యాపారం కూడా ఉంది. కొనవలసిన నిర్బంధం ఏమీ లేదు, ఆ మాట మాత్రం చెప్పాలి.

నడిసంద్రం

మూడోతరగతి గారూ, మీ చరిత్రతో నాకు తగాదా లేదు, దాని నుంచి మీరు తేల్చిన దానితో ఉంది. క్వీన్ మేరీ 2లో ఈనాటికీ భోజనశాలలు కేబిన్ ధరను బట్టి విడిపోయి ఉన్నాయి: ఎక్కువమంది బ్రిటానియాలో తింటారు, సూట్‌లు అనే ఖరీదైన పెద్ద గదుల్లో దిగినవారికి ప్రిన్సెస్ గ్రిల్, క్వీన్స్ గ్రిల్ వేరుగా ఉంటాయి. తరగతి భేదం ఎక్కడైనా మిగిలిందంటే అక్కడ మిగిలింది. దుస్తుల నియమం మాత్రం ఆ గదులన్నింటికీ ఒకటే. కిటికీ లేని కేబిన్‌లో దిగినవారూ, రెండంతస్తుల సూట్‌లో దిగినవారూ గాలా రాత్రి క్వీన్స్ రూమ్‌లో ఒకే నలుపు కోట్లలో ఒకే నేల మీద నాట్యం చేస్తారు. ఎవరు ఎంత చెల్లించారో బట్టలను బట్టి చెప్పలేని రాత్రి ఆ ఓడలో ఏదైనా ఉందంటే అది అదే. మగవారి డిన్నర్ జాకెట్ గుణమే అది: అందరినీ ఒకేలా కనిపించేలా చేస్తుంది.

సగం గదులు మూసేస్తారన్నది కూడా కాస్త ఎక్కువ చేసిన మాట. బఫేలో అదే ఓడ వంటగది నుంచి వచ్చిన భోజనం ఉంటుంది, పబ్ తెరిచే ఉంటుంది, కేబిన్‌కు తెప్పించుకోవచ్చు. ఇక నియమం అసలే వద్దనేవారికి లంగరు గారు చెప్పిన కంపెనీలు బోలెడు ఉన్నాయి. దుస్తుల కోసమే ఒక ఓడను ఎంచుకునే మాలాంటివారికి మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. నేను వెళ్లిన ఒక ప్రయాణంలో, అది ఏ కంపెనీ అన్నది ఇక్కడ అనవసరం, ఫార్మల్ నైట్ అని ముందుగా రాసిచ్చి, తీరా ఆ రాత్రి ఈత కొలను నుంచి లేచి వచ్చినట్టున్నవారిని కూడా తలుపు దగ్గర ఒక్క మాట అనకుండా లోపలికి పంపారు. పాటించిన వారందరూ వెర్రివాళ్లలా కూర్చోవలసి వచ్చింది. నియమం ఉండాలి, లేదా ఉండకూడదు. రాసి పెట్టి పాటించకపోవడమే అన్నింటికన్నా అన్యాయం.

మూడోతరగతి

చివరి వాక్యంతో ఏకీభవిస్తాను. నలుపు కోటు అందరినీ సమం చేస్తుందన్నది మగవారి వరకే నిజం. ఆడవారి గౌన్లకు, నగలకు ఆ సమానత్వం లేదు. అక్కడ ధర కనిపిస్తూనే ఉంటుంది.

పెట్టెబరువు

వాదన మీరు సాగించండి, అలలదారి గారు అడిగిన గౌను, సామాను సంగతి ఎవరూ చెప్పలేదు. నేను దర్జీ పని తెలిసిన కుటుంబం నుంచి వచ్చినదాన్ని కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

మీ శ్రీమతి గారికి నేలదాకా ఉండే గౌను అవసరం లేదు. గాలా రాత్రుల్లో పొడవాటి గౌన్లు, మోకాలి దాకా ఉన్న కాక్‌టెయిల్ డ్రెస్‌లు, మంచి బట్టతో కుట్టిన ప్యాంట్ సూట్‌లు మూడూ కనిపిస్తాయి. పొడవాటిదే వేసుకోవాలని ఆమెకు సరదాగా ఉంటే, వెనక నేల మీద ఈడ్చుకుపోయే అంచు ఉన్నది మాత్రం వద్దు. ఓడలో మెట్లు ఎక్కువ, డెక్ మీదికి తెరుచుకునే తలుపులకు గడపలు ఎత్తుగా ఉంటాయి, కింద నేల నెమ్మదిగా ఊగుతూ ఉంటుంది. అంచు చీలమండ దగ్గర ఆగితే చాలు. ఇదే కారణంతో సూది మడమల చెప్పులు కూడా వద్దని చెబుతాను. ఉత్తర అట్లాంటిక్ సెప్టెంబరులో ప్రశాంతంగా ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. వెడల్పాటి మడమ, అదీ తక్కువ ఎత్తున్నది, కాలికి పట్టీతో బిగిసేది ఎంచుకోవాలి. బట్ట విషయానికొస్తే, అల్లికతో సాగే జెర్సీ, సన్నని కుచ్చిళ్లు శాశ్వతంగా పడి ఉన్న పాలియెస్టర్, క్రేప్ వంటివి చుట్టచుట్టి పెట్టినా నలగవు. టఫేటా, లినెన్ పెట్టెలోంచి తీసేసరికి చూడలేము. ఒక మంచి శాలువా తప్పక పెట్టుకోండి. భోజనశాలల్లో ఏసీ చలి బాగా ఉంటుంది, డెక్ మీద గాలి సరేసరి.

నలగడం గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. సొంత ఇస్త్రీపెట్టెను ఓడలోకి తీసుకురానివ్వరు. ఆవిరితో ముడతలు తీసే చిన్న యంత్రాలను కూడా చాలా కంపెనీలు నిషేధించాయి. నడిసముద్రంలో అగ్నిప్రమాదం కన్నా పెద్ద ఆపద లేదు, అందుకే సామాను తనిఖీలో దొరికితే తీసి దాచి, దిగేటప్పుడు ఇస్తారు. మీ ఓడలో ప్రయాణికులు తామే బట్టలు ఉతుక్కుని ఇస్త్రీ చేసుకునే గదులు ఉన్నాయి, గాలా రోజు మధ్యాహ్నం అక్కడ వరుస కడతారు కాబట్టి ముందురోజే ఆ పని ముగించండి. చిన్న ముడతలైతే స్నానాల గదిలో వేడినీళ్లు వదిలి, ఆ ఆవిరిలో కాసేపు తగిలించి ఉంచితే పోతాయి. అన్ని కంపెనీల ఓడల్లో ఇలాంటి గదులు ఉండవు, లేనిచోట డబ్బిచ్చి ఇస్త్రీకి వేయాలి.

ఇక మీ సంగతి. బరువు లెక్క చూసుకునేవారికి నా సలహా ఒకటే సూట్, దాన్ని రెండు రకాలుగా వాడుకోవడం. ముదురు నీలం రంగులో, మెరుపు లేని సన్నని ఉన్నితో కుట్టినది తీసుకోండి. గాలా రాత్రుల్లో పూర్తి సూట్‌గా తెల్ల చొక్కాతో, మిగతా రాత్రుల్లో దాని కోటు ఒక్కటే బూడిద రంగు ప్యాంటు మీద బ్లేజర్‌లా, టై లేకుండా. ఓడెక్కేటప్పుడు ఆ కోటు ఒంటి మీదే వేసుకుంటే పెట్టెలో చోటు మిగులుతుంది, మొదటి సాయంత్రం పెట్టెలు ఆలస్యమైనా మీకు చింత ఉండదు. దూరదేశంలో విమానం దిగి ఓడెక్కేవారు గాలా బట్టలు ఒక్క జత అయినా చేతిసంచీలో పెట్టుకోవడం మంచిది. తప్పిపోయిన పెట్టె నడి అట్లాంటిక్‌లోకి చేరడానికి దారి లేదు.

అన్నీ విన్నాక కూడా టక్సీడో మీద మనసు పోతే, దాని పద్ధతులు తెలుసుకుని కొనండి. కోటు నల్లది గానీ, మిడ్‌నైట్ బ్లూ అనే చిమ్మచీకటి నీలం గానీ కావచ్చు; విద్యుద్దీపాల కింద నలుపు కొంచెం వెలిసినట్టు, పచ్చతనం తేలినట్టు కనిపిస్తే, ఈ నీలమే అసలైన నలుపులా కనిపిస్తుంది. కాలరు మడతల మీద పట్టు మెరుపు ఉంటుంది. ప్యాంటు పక్కల అదే పట్టు పట్టీ ఉంటుంది, బెల్టు పెట్టుకోరు. నడుముకు కమర్‌బండ్ అనే వెడల్పాటి కుచ్చిళ్ల పట్టీ కడితే దాని కుచ్చిళ్ల నోళ్లు పైకి చూడాలి. తెల్ల డిన్నర్ జాకెట్ అందంగా ఉంటుంది గాని అది వెచ్చని సముద్రాలకు తగినది. సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్‌కు వెళ్లే దారిలో అది వడ్డించేవారి కోటులా కనిపించే ప్రమాదం ఉంది.

అలలదారి

అందరికీ కృతజ్ఞతలు. నేను ముదురు నీలం సూట్‌కే నిర్ణయించుకున్నాను. మా ఆవిడ పెట్టెబరువు గారి సమాధానం రెండుసార్లు చదివి, పొడవాటి గౌనే కావాలంటోంది, అంచు మాత్రం చీలమండ దాకానే అని ఒప్పుకుంది. మిగిలినవి రెండు సందేహాలు. మా నాన్నగారికి పాదాలు వాస్తాయి, తోలు బూట్లు పట్టవు, అతుక్కునే పట్టీలున్న మెత్తని బూట్లే వేసుకుంటారు. మా అబ్బాయికి సూట్ కొంటే ఆరు నెలల్లో పొట్టిదైపోతుంది. వీరిద్దరినీ ఏం చేయాలి?

పెట్టెబరువు

నాన్నగారికి అవే బూట్లు పూర్తి నల్లరంగులో, తెల్ల అడుగు గానీ మెరిసే గీతలు గానీ లేనివి తీసుకోండి. ప్యాంటు అంచు కాస్త కిందికి ఉండేలా కుట్టిస్తే పైభాగం కప్పుకుపోతుంది. భోజనశాలలో దీపాలు మసకగానే ఉంటాయి, కాళ్లు బల్ల కింద ఉంటాయి, వయసు మళ్లినవారి పాదాల వైపు చూసి ఎవరూ తలుపు దగ్గర ఆపరు.

అబ్బాయికి సూట్ కొనకండి. నల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, మీ టైలలో ఒకటి, పైన ఎరువు తెచ్చుకున్న ముదురు కోటు చాలు. పొడవు పెరిగే వయసు పిల్లలకు కోటు చేతులు అర అంగుళం పొట్టిగా ఉన్నా బాగానే కనిపిస్తాయి.

నడిసంద్రం

పెట్టెబరువు గారు చెప్పింది సరైనదే. దానికి ఒక్కటి కలుపుతాను. నాన్నగారి పాదాల సంగతి, కాలరు సంగతి ప్రయాణానికి కొన్ని వారాల ముందే కంపెనీకి ఒక ఉత్తరంలో రాయండి. ఆరోగ్య కారణాలను వారు కాదనరు, రాతపూర్వకంగా జవాబు వస్తే మీకూ ధైర్యంగా ఉంటుంది. ఓడెక్కిన మొదటిరోజు మధ్యాహ్నం బ్రిటానియా రెస్టారెంటుకు వెళ్లి అక్కడి మేత్రడీని, అంటే భోజనశాల పెద్దను, కలిసి, తలుపుకు దగ్గరగా, మెట్లు ఎక్కనవసరం లేని బల్ల అడగండి. ఆ భోజనశాల రెండంతస్తుల్లో ఉంటుంది, ముందే అడిగినవారికి కింది అంతస్తు దొరికే అవకాశం ఎక్కువ. మీరు తీసుకున్నది మొదటి పంక్తో రెండో పంక్తో కూడా చూసుకోండి; మొదటి పంక్తి ఆరింటికే మొదలవుతుంది కనుక గాలా రోజుల్లో నలుగురూ ఒకే స్నానాల గదితో తయారు కావాలంటే నాలుగున్నరకే మొదలుపెట్టాల్సి ఉంటుంది.